పారిస్ నుంచి షార్త్ర్‌కు వెళ్ళిరావాలంటే పూట చాలా, రోజంతా కావాలా?

వారం రోజుల పారిస్ పర్యటనలో ఒక రోజు షార్త్ర్ అనే ఊరికి కేటాయించవచ్చా, అరవై దాటిన అమ్మానాన్నలకు అది కష్టమవుతుందా, ఉదయం వెళ్ళి మధ్యాహ్న భోజనానికి పారిస్‌కు తిరిగి రావచ్చా అని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా పారిస్ శివారులో ఉంటున్న నేను, ఊరి నుంచి మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళను తప్పకుండా తీసుకువెళ్ళే చోటు షార్త్ర్. కాబట్టి నిస్సంకోచంగా వెళ్ళమనే చెబుతాను. అయితే పూటలో ముగించుకు రావాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. అక్కడి కెథీడ్రల్‌కు, అంటే బిషప్ పీఠమున్న పెద్ద చర్చికి, ప్రాణం దాని రంగు గాజు కిటికీలు. పొద్దున వెలిగే కిటికీలు వేరు, సాయంత్రం వెలిగేవి వేరు. అందుకే ఉదయం ఒకసారి, పొద్దు వాలాక మరోసారి లోపలికి వెళ్ళి, మధ్యలో ఊరు చూసుకోవడం మంచి పద్ధతి.

ప్రయాణం తేలికే. మోంపర్నాస్ స్టేషన్ నుంచి బయలుదేరే ప్రాంతీయ రైలు వెర్సాయ్, రాంబూయే మీదుగా గంటా గంటంబావులో షార్త్ర్ చేరుతుంది. పారిస్ మెట్రోలో వాడే నవిగో పాసు ఇక్కడికి చెల్లదు, ఈ ఊరు పారిస్ ప్రాంతానికి వెలుపల ఉంది కనుక టికెట్టు విడిగా కొనుక్కోవాలి. ఊరు దగ్గరపడుతున్నప్పుడు బోస్ మైదానపు గోధుమ చేల మీదుగా, ఇళ్ళు కనబడక ముందే రెండు శిఖరాలు కనబడతాయి. ఆ సమయానికి అమ్మానాన్నలను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. స్టేషన్‌లో దిగాక గుడి దాకా పది నిమిషాల నడక, కొద్దిపాటి ఎత్తు తప్ప ఇబ్బంది లేదు.

లోపలికి వెళ్ళే ముందు పడమటి ముఖద్వారం ఎదుట కాసేపు నిలబడండి. 1194లో పాత చర్చి అగ్నికి ఆహుతైనప్పుడు మిగిలిన భాగమిది. దీని శిల్పాలు 12వ శతాబ్దం నడిమి కాలానివి. కుడివైపు ద్వారం మీద సంగీతానికి ప్రతీకగా ఒక మూర్తి, ఆమె కింద మోకాళ్ళ మీద పలక పెట్టుకుని వంగి రాసుకుంటున్న ఒక పండితుడు ఉంటారు, ఆయనను పైథాగరస్‌గా గుర్తిస్తారు. పక్కనే బెత్తం పట్టిన వ్యాకరణమ్మ, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు ఉంటారు. పంతులుగా పనిచేసిన మా పెదనాన్న ఆ బెత్తం దగ్గరే చాలాసేపు నిలబడిపోయారు. రెండు శిఖరాలు ఒకదానికొకటి ఎందుకు పోలవని మీవాళ్ళు తప్పకుండా అడుగుతారు. సాదాగా ఉన్న దక్షిణ శిఖరం 12వ శతాబ్దానిది. పిడుగుపాటుకు కాలిన ఉత్తర శిఖరం స్థానంలో జెహాన్ ద బోస్ అనే శిల్పి 16వ శతాబ్దం తొలినాళ్ళలో లతల అల్లికల వంటి రాతిపనితో కొత్తది నిలబెట్టాడు.

ప్రవేశం ఉచితం. చెప్పులు విడవనవసరం లేదు, మగవాళ్ళు టోపీ తీస్తే చాలు. లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు చీకటికి అలవాటుపడే దాకా ఎక్కడైనా కూర్చోండి. మొత్తం 2,600 చదరపు మీటర్ల గాజు, ఎక్కువ భాగం 13వ శతాబ్దంలోనే అమర్చినది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పలకలు పలకలుగా విప్పి దాచి మళ్ళీ బిగించినది. 1944 ఆగస్టులో గోపురాల్లో జర్మన్ సైనికులు నక్కి ఉన్నారన్న అనుమానంతో ఫిరంగి దాడికి సన్నాహం జరుగుతుండగా, వెల్బోర్న్ గ్రిఫిత్ అనే అమెరికన్ కర్నల్ స్వయంగా లోపలికి వెళ్ళి వెతికి, ఎవరూ లేరని నిర్ధారించి ఆ దాడిని ఆపించాడు. అదే రోజు ఆ పక్కనే జరిగిన పోరులో ఆయన చనిపోయాడు. ఈ సంగతి పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచితే ఆ కిటికీలను చూసే చూపే మారుతుంది.

ఉదయం ముందుగా తూర్పు, దక్షిణ భాగాలు చూడండి. దక్షిణం వైపు ప్రదక్షిణ మార్గంలో నీలి వస్త్రాల మేరీ మాత కిటికీ ఉంటుంది, మధ్యలోని మాత రూపం 1194 నాటి అగ్నిని తట్టుకున్న పాత గాజు. ఇక్కడి కిటికీల్లో చాలావాటిని కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగు గడుల్లో చెప్పులు కుట్టేవారు, రొట్టెలు చేసేవారు, ఉన్ని బట్టల వర్తకులు తమ తమ పనుల్లో మునిగి కనిపిస్తారు. పిండి పిసికేవాడి చేతులు, పక్కన రొట్టెల బుట్ట స్పష్టంగా చూడాలంటే చిన్న బైనాక్యులర్ వెంట ఉండితీరాలి. బైబిలు కథలు తెలియని మావాళ్ళకు ఈ గడుల దగ్గరే ఆసక్తి పుట్టింది. దక్షిణపు గులాబీ కిటికీ (పువ్వు రేకుల్లా అమర్చిన గుండ్రటి పెద్ద కిటికీ) కింద, బైబిల్లోని సువార్తలు రాసిన నలుగురు నలుగురు ప్రవక్తల భుజాలెక్కి కూర్చుని ఉంటారు, అది కూడా వదలవద్దు. కాకతీయుల కాలంలో రామప్ప గుడి 1213లో రూపుదిద్దుకుంటున్నప్పుడే ఇక్కడ ఈ గోడలు లేస్తున్నాయని చెబితే, కాలం లెక్క మీవాళ్ళకు వెంటనే అందుతుంది.

నేల మీది రాతి చిక్కుదారి మీద మామూలు రోజుల్లో కుర్చీలు వేసి ఉంటాయి. ఈస్టర్‌కు ముందరి ఉపవాస కాలం మొదలు నవంబరు 1 వరకు సాధారణంగా శుక్రవారాల్లో వాటిని తీసివేస్తారు, 260 మీటర్లకు పైగా ఉండే ఆ దారిలో అప్పుడు నడవవచ్చు. వీలైతే శుక్రవారమే ఎంచుకోండి. గోపురం మెట్లు మాత్రం పెద్దవాళ్ళతో వద్దు.

మధ్యాహ్నం కెథీడ్రల్ వెనుక ఉన్న బిషప్ తోటకు వెళ్ళండి. కింది ఊరంతా కనిపించే ఆ బెంచీల మీద మేము ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. శాకాహారులకు చీజ్ వేసిన అట్లు కూడా ఊళ్ళో దొరుకుతాయి. యూర్ నది ఒడ్డున ఉన్న పాత చాకిరేవులు, చిన్న వంతెనలు చూడదగ్గవే గానీ దిగే సందులు ఏటవాలుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే వేసవిలో కెథీడ్రల్ ఎదుట నుంచి బయలుదేరే చిన్న టూరిస్టు బండి ఎక్కండి. ఓపిక ఉన్నవాళ్ళకైతే, పగిలిన పింగాణీ ముక్కలతో ఒక శ్మశాన పనివాడు ఏళ్ళ తరబడి అలంకరించిన పికాసియెత్ ఇంటిని కూడా సూచిస్తాను.

సాయంత్రం తిరిగి లోపలికి వెళ్ళి పడమటి వైపు ముఖం పెట్టి కూర్చోండి. గులాబీ కిటికీ కింద ఉన్న మూడు కిటికీలు 12వ శతాబ్దపువి. వాటి నీలం, వాలుటెండలో చూస్తేనే తెలుస్తుంది. 2009 తరువాత గోడలకు పట్టిన మసిని తుడిచి లేతరంగు తేల్చడం మీద పెద్ద వివాదమే నడిచింది. చీకటి గోడల మధ్య గాజు ఇంకా గంభీరంగా ఉండేదన్న వాదనలో బలముందని ఒప్పుకుంటాను. అయినా కంటిచూపు తగ్గిన పెద్దవాళ్ళు శిల్పాల వివరాలు పోల్చుకోగలుగుతున్నారు కనుక నాకు ఇప్పటి వెలుగే నచ్చింది.

వెచ్చని నెలల్లో చీకటిపడ్డాక భవనాల మీద వెలుగు బొమ్మల ప్రదర్శన ఉంటుంది. జూన్, జూలైలలో చీకటి బాగా ఆలస్యంగా పడుతుంది కాబట్టి, అది చూడాలనుకుంటే తిరుగు రైళ్ళ వేళలు ఉదయమే చూసి పెట్టుకోండి, లేదా ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి.