ఫర్మ్ పేరున లగ్జరీ ఎలక్ట్రిక్ కారు: తరుగుదల సరే, తీగల సంగతో?

ప్రశ్న: బరంపురంలో అన్నదమ్ములం కలిసి పట్టుచీరల హోల్‌సేల్ చేస్తున్నాం. ఫర్మ్ పేరున 50 లక్షల ఎలక్ట్రిక్ కారు కొంటే 40 శాతం తరుగుదల వస్తుందని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లొస్తాం. కొనొచ్చా? ఏ ఆప్షన్లు తీసుకోవాలి?

జవాబు: మీ తమ్ముడి లెక్క నిజమే. తరుగుదల అంటే బండి విలువ తగ్గిందని ఏటా లాభంలోంచి తీసేసి చూపే మొత్తం, ఆ మేరకు పన్ను తగ్గుతుంది. ఈ బళ్ల మీద మోజుకి హోదా, చప్పుడు లేని ప్రయాణం ఎంత కారణమో పన్నులూ అంతే కారణం. వీటి మీద జీఎస్టీ 5 శాతం, పెద్ద పెట్రోలు కారు మీద 40 శాతం. 50 లక్షల బండికి మూడేళ్లలో 20, 12, 7.2 లక్షల చొప్పున 39.2 లక్షలు తరుగుదల రాసుకోవచ్చు. అదే ధర పెట్రోలు కారుకి 15 శాతం చొప్పున వచ్చేది 19.3 లక్షలే. ఫర్మ్ పన్ను సెస్సుతో కలిపి 31.2 శాతం కాబట్టి అదనంగా మిగిలే పన్ను సుమారు 6.2 లక్షలు.

తేడా కొట్టేది ఇక్కడ. మీరు టర్నోవరు మీద 6 లేక 8 శాతం లాభం చూపే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే తరుగుదల విడిగా రాదు. దీపావళికి కొంటే ఆ ఏడాది వాడకం 180 రోజులకన్నా తక్కువై మొదటి ఏడు 20 శాతమే దక్కుతుంది. ఇంటి వాడకం ఉంటే ఆ మేరకు అధికారి కోసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం అమ్మకం: మూడేళ్లకి పుస్తకంలో మిగిలేది 10.8 లక్షలు. అదే తరుగుదల శాతం కోవలో ఫర్మ్‌కి వేరే ఆస్తి లేకపోతే, 20 లక్షలకి అమ్మితే 9.2 లక్షల మీద పన్ను కట్టాలి. కారు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు, అంటే చీరల అమ్మకాల మీద కట్టే జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేరు.

40 లక్షల అప్పు 9 శాతానికి అయిదేళ్లు తీసుకుంటే నెలకు సుమారు 83 వేలు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిన నెలల్లో కూడా ఈ వాయిదా దుకాణం సరుకు డబ్బు ముట్టకుండా కట్టగలిగితేనే కొనండి.

ఆప్షన్లలో పెద్ద చక్రాలు వద్దు. రేంజి, అంటే ఒక చార్జికి వెళ్లే దూరం, తగ్గుతుంది; గుంతలో పడితే పలచటి టైరు పక్క చీలుతుంది. గాలాడే సీట్లు, 360 డిగ్రీల కెమెరా తీసుకోండి, మన ఎండకీ ఇరుకు వీధులకీ పనికొస్తాయి. గాజు కప్పుకి పెట్టే డబ్బు ఇంటి చార్జింగుకి పెట్టండి.

65 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుతో 13 గంటల పైనే పడుతుంది, 11 కిలోవాట్ల చార్జరుతో నాలుగు గంటలు. దానికి త్రీ ఫేజ్ కావాలి, కాబట్టి బుకింగుకి ముందే లోడు పెంచమని కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టండి. సింగిల్ ఫేజ్ 32 ఆంపియర్ల చార్జరైతే 6 చదరపు మిల్లీమీటర్లకన్నా సన్నటి రాగి తీగ వెయ్యనివ్వకండి, జాయింటు కాలిపోతుంది. విడిగా ఎర్తింగు తవ్వించండి; ఎర్త్ సరిగా అందకపోతే చార్జరు అసలు మొదలవదు. గోపాలపురం వైపు ఉప్పుగాలికి ఎర్తింగు ఇనుప కడ్డీ త్వరగా తుప్పు పడుతుంది, ఎర్త్ సరిగా ఉందో లేదో ఏటా కొలిపించండి.

విశాఖ సుమారు 260 కిలోమీటర్లు. కంపెనీ చెప్పిన దూరంలో 65-70 శాతమే నమ్మి, దారిలో రెండు చార్జింగు చోట్లు ముందే చూసుకోండి.

ఇన్సూరెన్సులో జీరో డిప్‌తో (విడిభాగాల అరుగుదల కొయ్యకుండా క్లెయిము ఇచ్చే కవరు) పాటు బ్యాటరీలోకి నీరు చేరినా వర్తించే కవరు ఉండాలి. 2013లో ఫైలిన్ తుపాను మన తీరాన్నే తాకింది. తుపాను హెచ్చరిక రాగానే బండిని నిండా చార్జి చేసి మెరక మీద పెట్టండి, తర్వాత కరెంటు ఎన్నాళ్లకొస్తుందో చెప్పలేం.