కట్ట విప్పేముందు

కర్నూలు

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. అనంతపురంలో కాలేజీ లైబ్రరీ పాత రికార్డుల గదిలో నీకు రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికిందని చెప్పి, "సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోతుందనుకుంటే దుమ్ము దులపడానికి పోతోంది" అని నిట్టూర్చాడు. వాడి మాటకేం గానీ, ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టింది ఆ దుమ్మే. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి మరిచిపోతావని రాస్తున్నాను.

గది తలుపు తీయగానే నీకు సర్దాలనిపిస్తుంది. మీ అమ్మ పెంపకం అట్లాంటిది. ఆ పని మాత్రం చేయకు. మొదటి రెండు రోజులు దేన్నీ కదిలించకుండా చూసి రాసుకో, అంతే.

ఎందుకంటే నేను సర్ది చెడగొట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీలో బీరువా అడుగు అరలో గుడ్డలో చుట్టిన నాలుగు కట్టలు దొరికాయి. అడ్మిషన్ కాగితాలు, హాస్టల్ మెస్ లెక్కలు, అర్జీలు, రసీదులు అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. వారం రోజులు కూర్చుని అర్జీలన్నీ ఒకచోట, రసీదులన్నీ ఒకచోట తారీఖుల వరసన పేర్చాను. గుడ్డలు మరీ మాసిపోయాయని చాకలికి వేశాను. ఒక గుడ్డ మూలన ఇంకుతో రెండు ముక్కలేవో రాసి ఉన్నాయి, చదవను కూడా చదవలేదు. అందరూ మెచ్చుకున్నారు.

మూడేళ్ల తర్వాత రిటైరైన లెక్చరర్ ఒకాయన వచ్చి, తన చదువుకునే రోజుల్లో మెస్ బిల్లుల మీద పిల్లలు పెట్టుకున్న అర్జీ ఉందా అని అడిగాడు. నిమిషంలో తీసిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ప్రిన్సిపాల్ కట్టలో ఉండిందా, వార్డెన్ కట్టలోనా?" అన్నాడు. అర్జీ మీద ముద్ర లేదు, ఎవరి సంతకమూ లేదు. వార్డెన్ దగ్గరే ఆగిపోయిందా, ప్రిన్సిపాల్ దాకా పోయిందా అన్నది ఆ కట్టే చెప్పాలి. ఆ కట్టనే నేను లేకుండా చేశాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

లైబ్రరీ పుస్తకానికి అక్సెషన్ నంబరు, అంటే రిజిస్టర్‌లో ఎక్కించేటప్పుడు వేసే వరుస నంబరు, ఉంటుంది. తప్పు అరలో పెట్టినా రేపు వెతికి పట్టుకోవచ్చు. పాత కాగితానికి అట్లాంటి నంబరు ఉండదు. పక్కన ఏ కాగితం ఉందన్నదే దాని చిరునామా. కాబట్టి కట్ట విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీయి, ఫ్లాష్ వేయకుండా. ఎన్నో బీరువా, ఎన్నో అర, ఎన్నో కట్ట అన్నది నోట్‌బుక్‌లో రాయి. ఫోటో పేరు కూడా అదే వరసలో పెట్టు. లేకపోతే రెండు నెలలయ్యాక ఐదు వందల ఫోటోలుంటాయి, ఏది ఎక్కడిదో నీకే తెలియదు.

అటెండరు ఉంటే ఆయనతో స్నేహంగా ఉండు. ఏ కట్ట ఏ గది నుంచి వచ్చిందో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, ఆయనకు గుర్తుంటుంది. టీ తాగుతూ అడిగి, తారీఖు వేసి రాసుకో.

తారీఖులంటే గుర్తొచ్చింది. పాత లెక్కల్లో ఫసలి అని కనిపిస్తే బెదిరిపోకు. అది శిస్తు లెక్కల కోసం పెట్టుకున్న సంవత్సరం, జులై ఒకటిన మొదలవుతుంది. ఫసలికి 590 కలిపితే ఆ జులై నాటి ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలి 1326 అంటే 1916 జులై నుంచి 1917 జూన్ వరకు. తెలుగు సంవత్సరం పేరుతో మాత్రం జాగ్రత్త. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. నల అని ఉంటే 1916 కావచ్చు, 1976 కావచ్చు. కాగితంలో అణాలు కనిపిస్తే పాతదే అనుకో, నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో.

ఊళ్ల పేర్లు ఇంకో తిరకాసు. 1928కి ముందు కాగితాల్లో రాయలసీమ అని వెతికితే నీకు దొరికేది సున్నా. ఆ పేరు పెట్టుకున్నదే ఆ ఏడాది నంద్యాల సభలో. అంతకుముందు మనం దత్తమండలాలు, ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్. మీ ఊరి ఆర్ట్స్ కాలేజీని 1916లో పెట్టినప్పుడు దాని పేరు కూడా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీయే. నిజాం మనల్ని 1800లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడన్న సంగతి వందేళ్లు దాటినా బోర్డు మీద వేలాడుతూనే ఉందన్నమాట! అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది 1882లో, అంతకంటే పాతవాటికి బళ్లారి పేరుతో చూడు. 1953 అక్టోబరు దాకా పై ఉత్తర్వులన్నీ మద్రాసువే. నువ్వు తయారుచేసే జాబితాలో కాగితం మీద ఉన్న పేరు ఉన్నట్టే రాసి, పక్క గడిలో ఇప్పటి పేరు వేయి. పాత పేరును దిద్దకు.

చేతుల సంగతి. పెన్ను ఇంట్లో వదిలేసి పెన్సిల్ తీసుకుపో. చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని ముట్టుకో. గుడ్డ గ్లౌజులు వేసుకుంటే పేజీ అంచు వేలికి తెలియక చిరుగుతుంది, కట్టల్లో పాత ఫోటోలు దొరికితే వాటికి మాత్రం రబ్బరు గ్లౌజులు వాడు. తుప్పు పట్టిన గుండుసూదిని లాగకు, ఎట్లా తీయాలో లైబ్రేరియన్ మేడమ్‌ను అడిగి నేర్చుకో. ఉమ్మి తడితో పేజీ తిప్పావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను. చిరిగినచోట సెల్లోటేపు అసలే వద్దు. జిగురు పసుపు మరకై మిగిలిపోతుంది, టేపు ఊడిపోతుంది.

అడుగు అరలో ఏముందో మాత్రం మొదటి రోజే చూడు. అనంతపురంలో వాన ఎక్కడ పెద్దనాయనా అంటావు. కొళాయి పైపు పగిలినా చాలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు నేలకు దగ్గరగా ఉన్నవే మొదట పోయాయి. మేమేమో తడిసినవి తెచ్చి మిద్దె మీద ఎండలో పరిచాం. అట్టలు అప్పడాల్లా వంకర తిరిగాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి ఆరబెట్టాలని తర్వాత తెలిసింది. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. నున్నటి ఆర్ట్ పేపర్ పత్రికలను తడిగా ఉండగానే విడదీయాలి, ఆరాక అది ఇటుకే. అడుగు అర ఖాళీ చేయమని మేడమ్‌కు చెప్పు. మీరు చిన్నపిల్లలు, మీరు చెబితే ఎవరికీ కోపం రాదు.

ఇంకొకటి. పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం, తండ్రి సంపాదన, మార్కులు అన్నీ ఉంటాయి. ఎవరో పెద్దమనిషి తప్పిన మార్కులు కనిపించాయని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు. మీ నాయనకు కూడా చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఒక డబ్బా మాస్కులు, మెత్తటి బ్రష్ ఒకటి మీ అన్న చేతికిచ్చి పంపుతున్నాను. బ్రష్ పెయింట్ షాపుదే, కొత్తది. పేజీ మధ్య మడత నుంచి బయటికి తోయాలి, లోపలికి కాదు. మొదటి కట్ట విప్పేముందు తీసిన ఫోటో నాకు పంపు. రాసింది కనపడనంత దూరం నుంచి తీయి, ముడి ఎట్లా వేశారో చూస్తే చాలు నాకు.

మీ పెద్దనాయన