ఇంగ్లీష్ పదాలను సరైన ఉచ్చారణతో, అర్థంతో ఎలా నేర్చుకోవాలి?

రోజుకు పది పదాలు బట్టీ పడుతున్నా వారం తిరగకుండా మర్చిపోతున్నానని, గుర్తున్నవి పలికినా అవతలివాళ్లకు అర్థం కావట్లేదని రాశారు. మీ పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీష్ పదం, మధ్యలో తెలుగులో ఉచ్చారణ, చివర అర్థం ఉంటాయన్నారు కదా, ముందు ఆ మధ్య వరుసను కొట్టేయండి. నేను హైదరాబాద్‌లో అమెరికా కస్టమర్ల కాల్స్ తీసుకునే ఉద్యోగం చేశాను, తర్వాత కొత్తగా చేరినవాళ్లకు వాయిస్ ట్రైనింగ్ ఇచ్చాను. తెలుగు లిపిలో చూసి నేర్చుకున్న ఉచ్చారణను మాన్పించడానికే మాకు సగం టైమ్ పట్టేది.

డి-ఇ-బి-టి అని రాసి ‘డెట్’ అంటారు, అంటే అప్పు. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేనే లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని తర్వాత పండితులు స్పెల్లింగ్‌లో ఇరికించారు, జనం మాత్రం పాతలాగే పలికారు. రసీదు అనే ‘రిసీట్’లో పి కూడా అలా దూరిందే. ద్వీపం అనే ‘ఐలండ్’లో ఎస్ సంగతి ఇంకా అన్యాయం, అసలా మాటకు లాటిన్‌తో చుట్టరికమే లేదు.

ఇలాంటివి ఒకసారి చూస్తే గుర్తుండిపోతాయి. అసలు చిక్కంతా స్ట్రెస్‌తోనే, అంటే పదంలో ఏ ముక్కను ఒత్తి పలకాలన్నదానితోనే. మనం అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీష్‌లో ఒక ముక్కను ఒత్తి పలికి మిగతావాటిని సగం మింగేస్తారు. మా బ్యాచ్‌లలో చాలామంది ‘డెవలప్’ అని ‘డె’ను ఒత్తేవారు. అది ‘డివెలప్’, ఒత్తాల్సింది ‘వె’ని. హోటల్‌ని ‘హొటెల్’ అని చివర ఒత్తాలి. సౌకర్యంగా ఉందనే ‘కంఫర్టబుల్’ మాటల్లో ‘కంఫ్‌టబుల్’ అయిపోతుంది. ఒకే స్పెల్లింగ్‌ని మొదట ఒత్తి ‘రెకర్డ్’ అంటే రికార్డు, చివర ఒత్తి ‘రికార్డ్’ అంటే రికార్డు చేయడం. ఇదంతా తెలుగు లిపిలో చెప్పడానికి నేను పడుతున్న అవస్థ చూస్తున్నారుగా!

అందుకే డిక్షనరీలో వినండి. కేంబ్రిడ్జ్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఉచితమే. స్పీకర్ బొమ్మ నొక్కితే బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినిపిస్తాయి. పక్కనుండే ఫొనెటిక్ లిపి, అంటే ఉచ్చారణను చూపే గుర్తులు, మొత్తం నేర్చుకోనక్కర్లేదు, రెండు గుర్తులు చాలు. పైన చిన్న నిలువు గీత కనిపిస్తే దాని తర్వాతి ముక్కను ఒత్తాలి. తలకిందులైన ఇంగ్లీష్ ‘e’ (ə) కనిపిస్తే నోరు పెద్దగా తెరవకుండా పొట్టిగా ‘అ’ అని వదిలేయాలి. ‘బనానా’ విని చూడండి, నడిమి ‘నా’ ఒక్కటే గట్టిగా వినిపిస్తుంది, అటూ ఇటూ ఉన్నవి ఈ బలహీనమైన ‘అ’లే.

ఇక అర్థం. ఎదురుగా ఒక్క తెలుగు మాట రాసుకుంటే సరిపోదు. మా టీమ్‌లో ఒకమ్మాయి ఓ కస్టమర్‌ని వివరం అడగబోతూ మామూలుగా ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంది. అవతల పెద్దాయన కాసేపు ఆగి, ‘నా మాట మీద నమ్మకం లేదా?’ అన్నాడు. మనం క్లాసులో చెయ్యెత్తి అడిగే డౌట్‌ని వాళ్లు ‘క్వశ్చన్’ అంటారు. వాళ్ల డౌట్‌లో అపనమ్మకం ఉంటుంది. కాబట్టి పదాన్ని దాని జతతో రాసుకోండి: అప్పుల్లో ఉంటే ‘ఇన్ డెట్’, అప్పు తీర్చేస్తే ‘పే ఆఫ్ ఎ డెట్’. రోజుకు పది వద్దు, మీ పనిలో నిజంగా అవసరమయ్యేవి మూడు చాలు. వాటిని ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు వాడండి, లేదంటే ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి డిక్షనరీ ఆడియో పక్కన పెట్టి వినండి.

ఇంకోటి, ఇదంతా ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడే. ఇంట్లో కుళాయి లీకైతే మాత్రం ‘ప్లంబర్’ అని బి పలికే పిలవండి. డిక్షనరీ ప్రకారం ‘ప్లమర్’ అన్నారంటే మా వీధిలో ఎవరూ రారు.