సేవ చేయాలని ఉంది, కాన్వెంట్‌లో చేరనా? ఒక వృద్ధ సిస్టర్ జవాబు

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నానని, పేదలకు సేవ చేయాలన్న కోరికతో సిస్టర్ అవుదామనుకుంటున్నానని రాశావు. జీవితమంతా అలా గడిపినవాళ్లకు ఇప్పుడేమనిపిస్తోందో చెప్పమన్నావు. నేను సిస్టర్‌గా యాభై ఏళ్లు నిండి, స్వర్ణోత్సవం దాటి, వృద్ధ సిస్టర్ల ఇంట్లో ఉంటున్నదాన్ని. మనవరాలి వయసుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను.

కోరిక సేవ ఒక్కటే అయితే చేరొద్దమ్మా. నేను నర్సుగా పనిచేశాను. పిల్లల్ని ఇంట్లో వదిలి నైట్ డ్యూటీకి వచ్చే నర్సులు నాకంటే ఓపిగ్గా రోగుల్ని చూసుకోవడం కళ్లారా చూశాను. పుండు కడగడానికి మాటపట్టు, అంటే పెళ్లి, ఆస్తి వదులుకుని విధేయంగా ఉంటామని దేవుడికిచ్చే ప్రమాణం, అక్కర్లేదు. ఫ్రాన్స్‌కు చెందిన పునీత చిన్న తెరేజమ్మ 1888లో 15 ఏళ్లకు, సిస్టర్లు గడప దాటకుండా ప్రార్థనలో గడిపే కార్మెల్ మఠంలో చేరి, 1897లో 24 ఏళ్లకే క్షయతో పోయింది. చేరాక మఠం దాటి ఎక్కడా సేవ చేసింది లేదు. అయినా 1927లో శ్రీసభ, అంటే కతోలిక చర్చి, ఆమెను మిషన్లకు, అంటే వేదప్రచార సేవకు, పాలక పునీతురాలిగా ప్రకటించింది. సిస్టర్ల జీవితానికి పునాది ప్రార్థన. సేవ దాని మీద లేచేది.

పెళ్లి, పిల్లలు లేరన్న బాధ ఉండదా అని అందరూ అడుగుతారు. ఉంటుంది, కొన్నేళ్లు గట్టిగానే ఉంటుంది, తర్వాత సద్దుమణుగుతుంది. డబ్బు సంగతి అంతకంటే తేలిక. జీతం సభకే, అంటే మనం చేరిన సిస్టర్ల సంఘానికే పోతుంది, శ్రీసభ చట్టమే అంత. జీవితాంతానికి చేసే నిత్య మాటపట్టుకు ముందు వీలునామా కూడా రాయాలి. చేతిలో చిల్లిగవ్వ లేని వయసులో వీలునామా ఏమిటని నాకు నవ్వొచ్చింది.

అసలు కష్టం వేరే ఉంది. మనం ఎంచుకోని మనుషులతో ఒకే కప్పు కింద బతకడం. ఒక సిస్టర్‌తో నాకు మాటల్లేని రోజులుండేవి. కారణం చెబితే నవ్వుతావు, స్టోరు తాళాల దగ్గర మొదలైంది. అప్పుడు మా వార్డులో నడుం కింది భాగం చచ్చుబడిన ముసలమ్మ ఒకావిడ ఉండేది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. అది ఒక్కరి వల్ల కాదు. రాత్రి డ్యూటీలో మేమిద్దరమే. దుప్పటి చెరోవైపు చుట్టి పట్టుకుని, ‘ఒకటి, రెండు, మూడు’ అని కలిసి లేపాలి. అంకె కలవకపోతే ముసలమ్మకు నొప్పి. పగలంతా మొహాలు తిప్పుకున్నవాళ్లం రాత్రి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని లెక్కపెట్టేవాళ్లం. వెంటనే స్నేహితులమైపోయామని చెప్పను. తాళాల గొడవ ఇంకా చాన్నాళ్లు సాగింది. కానీ విధేయత, ప్రేమ అని నోవిషియేట్‌లో, అంటే మాటపట్టుకు ముందు శిక్షణ కాలంలో, విన్నవన్నీ నాకు ఒంటబట్టింది ఆ దుప్పటి దగ్గరే.

ప్రార్థన కూడా ఎప్పుడూ తియ్యగా ఉండదు. ప్రార్థనలో కూర్చుంటే గోడతో మాట్లాడినట్టుండే కాలాలు వస్తాయి. మదర్ తెరెసా ఏళ్ల తరబడి అలాంటి చీకటిలోనే ఉన్నట్టు ఆమె పోయాక బయటికొచ్చిన ఉత్తరాల్లో ఉంది. అది చదివాక నాకు ఊరట కలిగింది. నాకేదో లోపముందనుకునేదాన్ని మరి.

మొత్తం మీద మళ్లీ పుట్టినా ఇదే ఎంచుకుంటానా? ఎంచుకుంటాను. కొన్ని బదిలీలు మాత్రం వద్దంటాను!

తొందరపడకు. శ్రీసభ కూడా తొందరపెట్టదు. నోవిషియేట్ కనీసం 12 నెలలు, ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 వరకు. నిత్య మాటపట్టుకు కనీసం 21 ఏళ్లు నిండాలి. నోవిస్‌గా ఉన్నప్పుడు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. తాత్కాలిక మాటపట్టు గడువు తీరాకా స్వేచ్ఛగా వెళ్లొచ్చు, అందులో తప్పేమీ లేదు. మరో సంగతి చాలామంది ముందు చెప్పరు. ఎప్పుడు బయటికొచ్చినా, అన్నాళ్లు చేసిన పనికి ఇంత ఇవ్వమని అడిగే హక్కు ఉండదు. న్యాయంగా, ప్రేమగా చూడమని మాత్రమే చట్టం సభకు చెబుతోంది. అందుకే డిగ్రీ పూర్తి చెయ్యి, వీలైతే ఒక వృత్తి కూడా నేర్చుకో.

చేరే ముందు ఆ సభవాళ్ల వృద్ధ సిస్టర్ల ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండనివ్వమని అడుగు. మంచం పట్టిన సిస్టర్లకు స్నానం ఎవరు చేయిస్తున్నారో, వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో చూడు. చూడనివ్వకపోతే ఇంకో సభను వెతుక్కో.