పాప నానమ్మ దగ్గరికి పోవడం లేదు, తప్పు నాదేనట!

ప్రశ్న: మాది విజయవాడ. నేనూ మా వారూ ఇద్దరం ఉద్యోగస్తులం. పాపకి 20 నెలలు. అత్తయ్య, మామయ్య తెనాలి దాటాక ఒక పల్లెటూళ్ళో ఉంటారు. దసరాకి వెళ్తే, అత్తయ్య ఎత్తుకోగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. ఉన్న నాలుగు రోజులూ అదే వరస. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మామయ్య దగ్గరికి మాత్రం మూడో రోజు తనే వెళ్ళి మంచం పట్టుకుని నిలబడింది. "తల్లి రానివ్వకపోతే పిల్ల ఎలా వస్తుంది?" అని అత్తయ్య చుట్టాల ముందే అన్నారు. ఫోన్ చూపిస్తూ అన్నం పెడుతున్నానని కూడా మాటలు పడ్డాను. ఇప్పుడు సంక్రాంతికి వారం రోజులు రమ్మంటున్నారు. పండగయ్యాక పాపని నెల రోజులు అక్కడే వదిలి వెళ్ళమంటున్నారు. మా వారేమో "అమ్మ బాధపడుతుంది, సర్దుకుపో" అంటారు. ఆ ఇంట్లో పెరట్లో కుడితి తొట్టి, వసారాలో పురుగుమందుల డబ్బాలు ఉంటాయి. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏదో ఒక వంక చెప్పి మానేయమంటారా?

జవాబు: మానేయొద్దమ్మా, వెళ్ళండి. ఇప్పుడు ఒక వంక చెబితే వేసవికి ఇంకోటి వెతుక్కోవాలి. ఈలోపు పాపకి నానమ్మ ఇంకా కొత్తమనిషి అయిపోతుంది.

మీరు అడిగినదానికి సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పాప తాతయ్య దగ్గరికి ఎందుకు వెళ్ళింది? ఆయన పిలవలేదు, చేతులు చాచలేదు, ఎత్తుకోబోలేదు. తన మానాన తను మంచం మీద కూర్చున్నారు. రెండు రోజులు దూరం నుంచి గమనించి, ఈయనతో భయం లేదని తేల్చుకుని, అప్పుడు వెళ్ళింది. అత్తయ్య గారు మిమ్మల్ని గుమ్మంలో చూడగానే పాపని చేతుల్లోకి లాక్కుని ఉంటారు. పండక్కో పబ్బానికో కనపడే మనవరాలు, ఆవిడకి మాత్రం ప్రాణం ఆగుతుందా?

కొత్తవాళ్ళంటే భయం ఎనిమిది తొమ్మిది నెలలకి మొదలై, రెండేళ్ళ దాకా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తల్లి కాసేపు కనపడకపోతే బెంబేలెత్తిపోవడమూ ఈ వయసులోనే. ఇందులో మీ పెంపకం లోపం లేదు, నానమ్మ మీద అయిష్టమూ లేదు. రోజూ వీడియో కాల్‌లో చూస్తున్నా, ఎదురుగా వచ్చి చంకనెత్తుకునే మనిషి పిల్లకి కొత్తే.

అయితే అత్తయ్య గారి మాటలో కాస్త నిజం లేకపోలేదు. ఈ వయసు పిల్లలు కొత్త మనిషి రాగానే ముందు తల్లి ముఖం చూస్తారు. మీరు ఆవిడ ముందు బిగుసుకుపోయి నిలబడితే పాపకి అదే సంకేతం. అందుకని మొదటి రోజు పాపని మీ ఒళ్ళోనే ఉంచుకుని అత్తయ్య గారితో కబుర్లు పెట్టుకోండి. "అత్తయ్యా, దాన్ని పిలవకండి, పట్టించుకోనట్టు ఉండండి, అదే వస్తుంది చూడండి" అని నవ్వుతూ చెప్పండి. ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఒక గింజల గిన్నె అటు జరిపితే చాలు. గింజ నోట్లో పెట్టుకోకుండా మీరు చూసుకోండి.

ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టే విషయంలో నా ఓటు అత్తయ్య గారికే. రెండేళ్ళ లోపు పిల్లలకి ఫోన్, టీవీ చూపించవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో చెప్పింది. ఉద్యోగం నుంచి వచ్చి, అలసిపోయి, గంటసేపు అన్నం పట్టుకుని తిరగలేక ఆ అలవాటు చేశారు, నాకు అర్థమవుతుంది. కానీ ఈ వారం ఆ పని ఆవిడకి వదిలేయండి. పెరట్లో కోళ్ళనీ దూడనీ చూపిస్తూ ఆవిడే పప్పూ నెయ్యీ కలిపి పెడతారు. మొదటి రెండు రోజులు నాలుగు ముద్దలు తక్కువ తిన్నా కంగారుపడి మీరు మధ్యలో వెళ్ళకండి.

ఇక్కడి వరకూ సర్దుకుపోవచ్చు. నీళ్ళు, మందులు, నిప్పు దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. కుడితి తొట్టి అక్కర్లేదు, బకెట్ అడుగున జానెడు నీళ్ళున్నా తలకిందులుగా పడిన పసిపిల్ల తనంతట తను లేవలేదు, అరవలేదు కూడా. తొట్టి మీద బరువైన చెక్క మూత వేయించండి, బకెట్లు బోర్లించి పెట్టించండి. మీ వైపు వరి కోశాక మాగాణిలో మినుము మీద మందు కొట్టే రోజులు ఇవి. వసారాలోకి డబ్బాలు వచ్చేది అందుకే. అవి తాళం పడే చోట ఉండాలి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే అది ఈ రోజే మానిపించాలి. పొరపాటున పాప నోట్లోకి పోతే వాంతి చేయించకుండా, 108కి ఫోన్ చేసి, ఆ డబ్బాతో సహా ఆస్పత్రికి వెళ్ళాలి.

భోగి గురించి విడిగా చెప్పాలి. భోగిపళ్ళు పోయడం నానమ్మ సరదా, తప్పకుండా పోయనివ్వండి. కానీ రేగుపళ్ళు, చిల్లర, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు... అవన్నీ పాప గొంతుకి అడ్డంపడే సైజులోనే ఉంటాయి. ఈ ఏడాది బంతిపూల రేకులు ఎక్కువ, చిల్లర తక్కువ వేయమనండి. రేగుపళ్ళు ఒకటి రెండు చాలు. హారతి అవగానే పాపని పీట మీద నుంచి తీసి, కింద పడ్డవి ఒకరు పూర్తిగా ఏరేయాలి. పొద్దున్నే భోగిమంట దగ్గర నూలు బట్టలతో, పొగ తగలనంత దూరంలో చంకలోనే ఉంచండి. గంగిరెద్దుని, సన్నాయిని చూసి జడుసుకుంటే "చూడు చూడు" అని ముందుకు తోయకండి, ఎవరు చెప్పినా సరే.

ఇవన్నీ అత్తయ్య గారికి ఎవరు చెప్పాలి? మీరు కాదు. కోడలు చెబితే అది వంకలు పెట్టడం, కొడుకు చెబితే జాగ్రత్త. మన ఇళ్ళల్లో ఉన్నది ఇదే, మార్చడానికి వారం రోజులు చాలవు. కాబట్టి "సర్దుకుపో" అనే మీ వారే ఫోన్ చేసి మూత, మందుల సంగతి చూడమని మామయ్య గారికి చెప్పాలి. పండగ మూడు రోజులూ మీ వారు కోడిపందేల దగ్గర తేలితే కుదరదు. రోజులో కొన్ని గంటలు పాప పూర్తిగా ఆయన పూచీ అని ముందే మాట తీసుకోండి.

నెల రోజులు వదలడం ఇప్పుడు వద్దు. నెల అంటే ఎంతో 20 నెలల పిల్లకి తెలియదు. అమ్మ వెళ్ళిపోయిందనే తెలుసు. పాప నానమ్మకి అలవాటు పడ్డాక ఒక పూట తెనాలి బజారుకి వెళ్ళి రండి. నిద్రపుచ్చి దొంగచాటుగా జారుకోకుండా, ఏడ్చినా సరే "వెళ్ళొస్తా" అని చెప్పి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి ఆడుకుంటూ కనపడితే ఈసారి సాయంత్రం దాకా ఉంచి చూడొచ్చు. అత్తయ్య గారితో మాత్రం ఉత్త "కుదరదు" అనకండి. "ఫిబ్రవరిలో మీరే వచ్చి పదిహేను రోజులు మా దగ్గర ఉండండి, పాప మీకు బాగా మాలిమవుతుంది, వేసవి సంగతి అప్పుడు చూద్దాం" అనాలి. ఆ మాట కూడా మీ వారి నోటే రావాలి, అదీ తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కేటప్పుడు కాదు, ఈ ఆదివారం ఫోన్‌లోనే.