చేతులు ఛాతీ మీదే ఉండాలి, తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఎమర్జెన్సీలో ఎకో, అంటే అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే పరీక్ష, చేసే శిక్షణకు నిన్ను తీసుకున్నారని మీ నాన్న రాత్రి ఫోను చేసి చెప్పాడు. ఆనందం పట్టలేక మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒంటి మీద ఆనించి చూసే ప్రోబ్‌ను వాడిన ప్రతిసారీ తుడువు. జెల్లీ దగ్గర పొదుపు వద్దు. కడుపులో బిడ్డనూ చూడగల మిషన్ కాబట్టి, దాన్ని ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు కాగితాలు ముందే చూసుకో.

క్షయ వల్ల గుండె పొరలో నీరు చేరినవాళ్లు మన దగ్గర తరచూ వస్తారు. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు కూడా తెర మీద అలాగే నల్లగా కనిపించి మోసం చేస్తుంది. కిందికి దిగే బృహద్ధమని గుండ్రంగా కనిపిస్తుంది కదా, దానికి ముందున్న నీరు గుండెది, వెనకున్నది ఊపిరితిత్తిది. నీరు తీయడానికి సూది పట్టేముందు ఆ గుండ్రాన్ని వెతుకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. పదిహేనేళ్ల కిందట ఒక వానరాత్రి ఒక ఆటో డ్రైవర్‌ను తీసుకొచ్చారు. మీ నాన్న ఈడువాడు. గుండె ఆగిపోయింది. ఖాకీ చొక్కాను కత్తెరతో కోస్తుంటే జేబులోని చిల్లర నేల మీద పడి మంచం కిందికి దొర్లింది. నాడి చూడటానికి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం, ఆపమని ప్రోబ్ పెట్టాను. బొమ్మ సరిగా రాలేదు. అటు వంచాను, ఇటు తిప్పాను. "సార్, ఆపి చాలాసేపయింది" అంది సిస్టర్. తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే, మాట్లాడవద్దని ఆమెకు చేయి చూపించాను. పది సెకన్లు దాటకూడని విరామం అర నిమిషమైంది. అతను బతకలేదు. ఎలాగూ బతికేవాడు కాదని తోటివాళ్లు ఓదార్చారు. కావచ్చు. కానీ ఆ అర నిమిషం అతని మెదడుకు రక్తం అందకుండా చేసింది నేనే. బయట అతని భార్య తడి చీర కొంగు పిండుకుంటూ నిలబడి ఉంది.

కాబట్టి విను. ఛాతీ నొక్కుతుండగానే ప్రోబ్‌ను రొమ్ము ఎముక కింద పెట్టి సిద్ధంగా ఉండు. నొక్కడం ఆగగానే పక్కవాళ్లను పైకి లెక్కపెట్టమను. వీడియో రికార్డు చెయ్యి. బొమ్మ వచ్చినా రాకపోయినా పదికి ప్రోబ్ తీసెయ్యి. మళ్లీ నొక్కడం మొదలయ్యాక వీడియో చూసుకో. గుండె కుడి గది ఉబ్బి కనిపించగానే ఊపిరితిత్తిలో రక్తం గడ్డ అని తీర్మానించకు, ఆగిన గుండెలో ఆ గది ఎలాగూ ఉబ్బుతుంది. సీపీఆర్ నడిపించే మనిషి ప్రోబ్ పట్టకూడదు. ఆ రాత్రి రెండూ నేనే చేశాను.

చిన్నప్పుడు ట్యాంక్‌బండ్ మీద బుద్ధ విగ్రహాన్నే చూస్తూ నడిచి మోకాళ్లు పగలగొట్టుకున్నావు, గుర్తుందా? ఒకటి చూస్తే చుట్టూ ఉన్నది మరిచిపోతావు. ఎన్నిసార్లు తిట్టాను! ఆ గుణం నీకు నా నుంచే వచ్చింది తల్లీ, నా భయమంతా అదే. సిస్టర్ నోరు తెరిస్తే తెర వదిలి ఆమె మాట విను.

ఆదివారం భోజనానికి రా. పాత దిండొకటి తీసి పెట్టాను. దాన్ని మీ తమ్ముడు నొక్కుతాడు, నువ్వు ప్రోబ్ పట్టినట్టు చెయ్యి, నేను లెక్కపెడతాను.

నీ పెదనాన్న