చిత్తడినేల బ్లూస్‌కు ఒక్క ఆల్బమే చెప్పమంటే

మీ ప్రశ్న ఇది: అమెరికా దక్షిణాది చిత్తడినేలల వాసన వేసే, కాస్త దయ్యాల కథలా ఉండే, బ్లూస్‌కు (అమెరికా నల్లవాళ్ల పాత విషాద సంగీతం) రాకబిల్లీ (కంట్రీ పాటనూ బ్లూస్‌నూ కలిపిన తొలినాళ్ల రాక్) తోడైన ఆల్బమ్ ఒకటి చెప్పమన్నారు. అందరూ గన్ క్లబ్ బృందం వారి ‘ఫైర్ ఆఫ్ లవ్’ వినమంటే విన్నారు, గోలలా ఉంది. లోపం మీ చెవిదా, ఆల్బమ్‌దా?

వరుసది. ఆ రికార్డును మొదటి పాటతో మొదలుపెట్టకూడదు. నేనూ అదే పొరపాటు చేసి, దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

అమెరికాలో, లూసియానా రాష్ట్రపు బేటన్ రూజ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాత రికార్డుల దుకాణంలో అట్ట చూసి కొన్నాను. గదిలో నాతో ఉండే గుంటూరు మిత్రుడికి ఒక పాత రికార్డ్ ప్లేయర్ ఉండేది. పెట్టాం. ‘సెక్స్ బీట్’ అయింది, ‘ప్రీచింగ్ ద బ్లూస్’ అయింది. మూడో పాట సగంలో మా వాడు వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చి, “ముప్పై మూడులో పెట్టావా, నలభై ఐదులో పెట్టావా, చూసుకో” అన్నాడు. రికార్డు నిమిషానికి తిరిగే చుట్ల లెక్క అది. చూశాను. ముప్పై మూడులోనే ఉంది. దాన్ని అట్టలో దోపి, బియ్యం బస్తా వెనక నిలబెట్టాను. అక్కడే ఉండిపోయింది.

మళ్లీ తీసింది సెలవుల్లో, ఒంటరిగా ఉన్నప్పుడు. ఈసారి రెండో వైపు పెట్టాను. చెయ్యి వణికి ముల్లు చివరకంటా జారి, చివరి నుంచి రెండో పాట మీద పడింది. ‘కూల్ డ్రింక్ ఆఫ్ వాటర్’. ఆరు నిమిషాల పాట, ఆల్బమ్ మొత్తంలో ఇంత నెమ్మదైనది లేదు. గిటార్ తీగ మీద స్లైడ్ (వేలికి తొడిగే గొట్టం) జారుతుంటే స్వరం ఒక చోట నిలబడదు. మన గోటువాద్యం విన్నవాళ్లకు ఆ జారుడు తెలుసు. కాకపోతే అక్కడ జారి స్వరస్థానానికి చేరుకుంటుంది, ఇక్కడ చేరుకోకుండానే ఆరిపోతుంది. దాని మీద గాయకుడు ఏడుపుకీ ఊళకీ మధ్య ఎక్కడో ఉన్న గొంతుతో, తాగడానికి నీళ్లడిగితే ఆమె గ్యాసొలిన్ ఇచ్చిందని మొరపెట్టుకుంటాడు. అంతే కథ. ఎవరామె, ఎందుకిచ్చింది, చెప్పడు. ముల్లు ఎత్తి మళ్లీ మొదటికి పెట్టాను.

ఆ పాట ఈ బృందానిది కాదు. మిసిసిపీ గాయకుడు టామీ జాన్సన్ 1928లో మెంఫిస్‌లో రికార్డు చేసినది. అందులో అతని గొంతు ఉన్నట్టుండి పైస్థాయికి ఎగిరి, సన్నని తీగలా సాగి, కిందికి దిగుతుంది. ‘ప్రీచింగ్ ద బ్లూస్’ కూడా అలాంటిదే. 1930లో సన్ హౌస్ పాడాడు, 1936లో రాబర్ట్ జాన్సన్ శాన్ ఆంటోనియోలో తన పద్ధతిలో రికార్డు చేశాడు. ఆ పాత పాటలు రెండూ విని మళ్లీ ‘ఫైర్ ఆఫ్ లవ్’ వింటే, గోల అనిపించిన చోటే ఎముకలగూడు కనబడుతుంది. పాత బ్లూస్ పాటను పంక్ (1970ల మోటైన, వేగవంతమైన రాక్) వేగంతో పరిగెత్తించారని అర్థమవుతుంది.

ఇక అసలు విచిత్రం. ఈ ఆల్బమ్‌కూ దక్షిణాదికీ భౌగోళికంగా ఏ బంధుత్వమూ లేదు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో తయారైంది. పాడిన జెఫ్రీ లీ పియర్స్ కాలిఫోర్నియా కుర్రాడు, తల్లి మెక్సికన్ మూలాలున్న మనిషి. బ్లాండీ బృందానికి స్థానిక అభిమాన సంఘం నడిపాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ల ప్రాయం. అతని చిత్తడినేల అంతా పాత రికార్డుల్లోంచి ఊహించుకున్నదే: నల్ల రైలు, రహదారి మీద దయ్యం, నిప్పు, పాపం, ఊగిపోయే ప్రబోధకుడు. దక్షిణాది గోథిక్ అంటే జనం చెప్పేది ఇదే. కూలిపోతున్న పెద్ద ఇళ్లు, వాటిలో ఎవరూ మాట్లాడని పాత నేరాలు, పైన దేవుడి భయం. పియర్స్ దాన్ని నాటకంలా ఆడాడు. ఒప్పుకోవాలి, బాగా ఆడాడు.

రాకబిల్లీ సంగతి మాత్రం కొంచెం జాగ్రత్త. శుద్ధమైన రాకబిల్లీ కావాలంటే 1954 తర్వాత మెంఫిస్‌లో సన్ సంస్థ తీసిన రికార్డులకు వెళ్లాలి. అక్కడ మాట వెంటనే దాని నీడ ఇంకోసారి వినిపిస్తుంది. రికార్డు చేసిన శబ్దాన్ని రెండో టేప్ యంత్రం గుండా రవ్వంత ఆలస్యంగా కలపడంతో వచ్చే ప్రతిధ్వని అది. బాస్ తీగలను అరచేత్తో చరుస్తారు. ‘ఫైర్ ఆఫ్ లవ్’లో ఆ హంగులు వెతక్కండి. ‘బ్లాక్ ట్రెయిన్’, ‘ఘోస్ట్ ఆన్ ద హైవే’లలో రాకబిల్లీ తాళపు గుర్రపు నడక ఉంది, అది చాలు.

నేను లూసియానాలో ఉన్నాను కాబట్టి అసలు చిత్తడినేల పాట ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. బేటన్ రూజ్ నుంచి లఫాయెట్ వెళ్లే దారిలో అచాఫలాయా చిత్తడి మీద పద్దెనిమిది మైళ్ల వంతెన ఉంది. నీళ్లలోంచి లేచిన సైప్రస్ చెట్లు, వాటి కొమ్మలకు బూడిదరంగు జటల్లా వేలాడే నాచు. అది దాటి లఫాయెట్ కూడా దాటితే క్రౌలీ. అమెరికా వరి రాజధాని అని ఆ ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. మాది కొల్లేరు పక్క ఊరు. క్రౌలీ దగ్గర మడుల్లో నిలిచిన నీళ్లు చూసి కారాపి, కాసేపు గట్టు మీద నిలబడ్డాను. అదే మడుల్లో మనం రొయ్యలు పెంచినట్టు వాళ్లు క్రాఫిష్ పెంచుతారు.

ఆ ఊళ్లో జె.డి. మిల్లర్ స్టూడియోలో 1950ల నుంచి తయారైన బ్లూస్‌నే స్వాంప్ బ్లూస్ అంటారు. స్లిమ్ హార్పో 1957లో ‘ఐయామ్ ఎ కింగ్ బీ’ పాడింది అక్కడే. వినండి, భయపెట్టేది ఒక్క రవ్వ ఉండదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పాడినట్టు, ముక్కుతో, నింపాదిగా, మధ్యలో హార్మోనికా. కొన్ని రికార్డింగుల్లో తాళానికి అట్టపెట్టెలను కూడా వాయించేవారట. నాకు అప్పుడు తట్టింది: బురద పక్కన పుట్టినవాళ్లకు బురదంటే జడుపు లేదు. మా ఊళ్లో కొల్లేటి మీద దయ్యాల కథలు చెప్పేది సెలవులకు వచ్చిన పట్నం పిల్లలే.

స్లిమ్ హార్పో సమాధి బేటన్ రూజ్‌కు నది అవతల, పోర్ట్ అలెన్‌లో ఉంది. అభిమానులు హార్మోనికాలు పెట్టిపోతుంటారు. నేను వెళ్లినప్పుడు తెల్లటి సిమెంటు మీద ఒకటి ఉంది. వానలకు తుప్పు పట్టి, కింద గోధుమరంగు మరక దిగింది. ఊదే రంధ్రాల్లో చీమలు.

ఒక చేదు విషయం దాచను. ‘ఫర్ ద లవ్ ఆఫ్ ఐవీ’లో పియర్స్ నల్లవాళ్లను తిట్టే అతి హీనమైన మాట వాడాడు. అది పాటలోని పాత్ర మాట, గాయకుడిది కాదని సమర్థించేవాళ్లున్నారు. నల్లవాళ్ల పాటలతోనే ఇల్లు కట్టుకున్నవాడికి ఆ మాట అవసరమా అని నాకనిపిస్తుంది. ఆ పాట వచ్చినప్పుడల్లా ముల్లు ఎత్తేస్తాను. క్రౌలీ కూడా అంత అమాయకమైనది కాదు. నల్ల కళాకారులతో అంత గొప్ప రికార్డులు తీసిన ఆ మిల్లరే 1960లలో రెబ్ రెబెల్ అనే లేబుల్ మీద వర్ణద్వేషపు పాటల రికార్డులూ అమ్మాడు. గోథిక్ కోసం దయ్యాలదాకా పోనక్కర్లేదు.

కాబట్టి మీకు నేను చెప్పే వరుస: ముందు టామీ జాన్సన్ పాట, తర్వాత గన్ క్లబ్ పాడిన అదే పాట. తర్వాత ‘బ్లాక్ ట్రెయిన్’. ఆ తర్వాత ‘ప్రామిస్ మీ’, దాంట్లో వయొలిన్ ఉంది, వదలకండి. అప్పుడు మొదటికి వెళ్లి ‘సెక్స్ బీట్’. ఫోను స్పీకర్‌లో మాత్రం వినకండి, బాస్ లేకపోతే నిజంగానే గోల. రుచి మార్చుకోవడానికి మధ్యలో స్లిమ్ హార్పో ‘రెయినిన్ ఇన్ మై హార్ట్’.

ఇక మీరు అడిగిన రెండో మాట, మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇది నచ్చుతుందా అని. మా నాన్న నా దగ్గరికి వచ్చినప్పుడు స్లిమ్ హార్పోను మూడుసార్లు పెట్టించుకున్నారు. తర్వాత ఉండబట్టలేక ‘కూల్ డ్రింక్ ఆఫ్ వాటర్’ పెట్టాను. పాట భాష ఆయనకు ఒక్క ముక్క అందలేదు. పేపర్లోంచి తల ఎత్తకుండానే నాలుగు నిమిషాలు విన్నారు.

“పాపం, ఆ కుర్రాడికి ఎవరైనా కాసిని మంచినీళ్లు ఇవ్వకూడదూ?”

“ఇచ్చారు నాన్నా. పెట్రోలు ఇచ్చారు.”